స్టాపులో నిలబడ్డ జనం

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు దెయ్యాలంటే భయం లేదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేవాణ్ణి. (ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. దెయ్యం వచ్చి పిలిచినా నాకు వినపడి చచ్చేది కాదు.) అప్పుడు ఆదోనిలో బస్సుల ఆఫీసులో చిన్న ఉద్యోగం. హాలహర్వి అవతల ఒక పల్లెలో జనమే లేరు, అక్కడికి బస్సు దండగ అని ఎవరో అన్నారట. "పోయి సూసిరాప్పా. మనుషులుంటే ఉంచుదాం, లేకుంటే తీసేద్దాం" అని మా పెద్దసారు నన్ను పంపించాడు. ఒక ఊరి బతుకు నా చేతిలో పెట్టారని నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఊరి దారి చీలే చోట దిగి మిట్టమధ్యాహ్నం నల్లరేగడి చేల మధ్య నడిచాను. దూరంగా స్టాపులో గుంపు కనిపించింది. చీరలు, పంచెలు, తలపాగాలు. హమ్మయ్య, జనం ఉన్నారనుకున్నాను. కానీ ఎంత దగ్గరికి వెళ్లినా ఒక్కరూ కదల్లేదు, ఒక్కరూ దగ్గలేదు. వెనక ఊళ్లో ప్రతి తలుపుకూ తాళం, తాళానికి అడ్డంగా తుమ్మకంప. కుక్క కూడా మొరగలేదు. గాలికి ఒకామె కొంగు ఎగిరింది, కొంగు కింద చెయ్యి లేదు. "అన్నా, టైమెంత?" అని తలపాగా ఆయన్ని అడిగాను (నా చేతికి వాచీ ఉంది). ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. ముఖం ఉండాల్సిన చోట నల్లటి కుండ ఉంది. అంతలో ఆ గుంపులోంచే "ఎవరి కోసరం వచ్చినావప్పా?" అని ఒక గొంతు వినిపించింది. భయంతో నేను ఆ కుండ తలాయన్నే గట్టిగా వాటేసుకున్నాను. ఇద్దరం కలిసి కిందపడ్డాం.

ఆ దిష్టిబొమ్మల నీడలో కూర్చుని అలసందలు ఒలుస్తున్న అవ్వ పకపకా నవ్వింది. "నువ్వు పడేసింది నా కొడుకునప్పా. ఆ పక్కనుండేది కోడలు. కొంచిం జరుగమ్మా, సారు కూసుంటాడు" అని ఆ చీరను పక్కకు లాగింది. కోడలు జరిగింది. నేను మాత్రం కూర్చోలేదు. ఆఫీసు నుంచి వచ్చానని చెప్పాక అవ్వ సంగతంతా చెప్పింది.

"ఊరంతా సుగ్గికి పోయినారప్పా, గుంటూరు తట్టు మిరపకాయలు కోసేకి. నేనూ మనమరాలూ ఉండాం. అది పది సదువుతాంది. జనం కనపడితేనే బస్సు లోపలికి తిరగల్లంట. ఒంటి పిల్ల నిలబడితే ఎవరు తిరుగుతారు? అందుకే సేన్లల్లో దిష్టిబొమ్మలు తెచ్చి, కోతకు పోయినోళ్ల బట్టలు తొడిగినా."

"డ్రైవరు కనుక్కోడా అవ్వా?"

"కనుక్కోకేం! దగ్గరికొచ్చి నవ్వుతాడు. ఆయప్పకి గూడా పైనోళ్లకి సెప్పుకునేకి ఒక సాకు కావల్ల గదా." అంతలోనే ఆమె నవ్వు ఆగిపోయింది. "బస్సు తీసేస్తే దాన్నీ కోతకు తీస్కపోతారప్పా. ఇంగ సదువు ఆడికే సరి."

నేను పడ్డప్పుడు కొడుకుగారి చొక్కా నిలువునా చిరిగిపోయింది. అవ్వ వద్దంటున్నా నా నీలం గళ్ల చొక్కా విప్పి ఆయనకు తొడిగి నిలబెట్టాను. సాయంత్రం బస్సు దిగిన పిల్ల నన్ను చూడనే లేదు. బొమ్మ దగ్గరకు పోయి "వచ్చినా నాయనా. కొత్త చొక్కానా?" అని గుండీ సరిచేసింది. బనీనుతో బస్సెక్కితే కండక్టరు నా వైపు ఒకసారి, బొమ్మ వైపు ఒకసారి చూసి టికెట్ కొట్టాడు.

మర్నాడు పెద్దసారు "జనం ఉండారా?" అన్నాడు. "ఉన్నారు సార్. స్టాపులో నిలబడే ఉన్నారు. పెద్దగా మాట్లాడరు, అంతే."

బస్సు తీసెయ్యలేదు, పిల్ల పది పాసైంది. ఇప్పుడు దాని తర్వాత బడికి పోయే పిల్లలు ఇంకా ఉన్నారట, బొమ్మలు అలాగే ఉన్నాయి. అప్పుడప్పుడు నేను బళ్లారి బస్సులో ఆ చీలిక దాటుతుంటాను. ఆ చొక్కా ఇప్పుడు నా బొజ్జకు పట్టదు. ఆ కుండ తలవాడు మాత్రం అదే సన్నటి ఒంటితో, ఎవరి బస్సు కోసమో ఎండలో నిలబడి ఉంటాడు. దాటాక వెనక్కి చూస్తే నా వైపే తిరిగినట్టుంటాడు. పక్కవాళ్లు ఏమనుకున్నా సరే, నవ్వి చెయ్యి ఊపుతాను.