మూగబోయిన లాప్‌టాప్

2025 అక్టోబరు. సిద్దిపేట బస్టాండు నుంచి నడిచి వచ్చేంత దూరంలో, మొదటి అంతస్తులో నా కంప్యూటర్ సర్వీసు షాపు. విండోస్ పదికి ఉచితంగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆ నెలతో ఆగిపోతాయని అందరి ఫోన్లలోనూ వార్తలు తిరుగుతున్నాయి. "మేడం, ఇగ మా కంప్యూటర్ బంద్ అయితదా?" అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. బంద్ కాదు. నడుస్తుంది. కాకపోతే ఇంటి పైకప్పుకు కొత్తగా చిల్లు పడితే పూడ్చడానికి మేస్త్రీ రాడు, అంతే.

ఆపరేటింగ్ సిస్టం అంటే మనకూ మెషీనుకూ మధ్య నిలబడి పని చేయించే సాఫ్ట్‌వేర్. విండోస్ ఒకటి, లినక్స్ ఇంకొకటి. ఆ నెలంతా నా షాపుకు వచ్చినవాళ్ళందరిదీ ఒకటే సమస్య. పాత కంప్యూటరు కొత్త విండోస్‌కు పనికిరాదు, కొత్త కంప్యూటరు కొనే ఉద్దేశం లేదు. అలాంటివాళ్ళకు నా దగ్గర ఒకటే మందు ఉండేది: లినక్స్. ఉచితంగా దొరుకుతుంది, పాత మెషీన్ల మీద కూడా హాయిగా నడుస్తుంది. ఊళ్ళో ఎంతమందికి వేశానో లెక్క లేదు. ఎవరైనా "బాగుంది మేడం" అంటే ఆ రోజంతా నేనే దాన్ని కనిపెట్టినట్టు తిరిగేదాన్ని.

నా గురించి ఒక మాట చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ కింద ఈ పని మొదలుపెట్టినప్పుడు షాపులోకి వచ్చిన ప్రతివాళ్ళూ "మెకానిక్ లేడా అమ్మా?" అని అడిగేవారు. నేనే అంటే నా చేతిలో స్క్రూడ్రైవర్‌నీ, చేతికి ఉన్న గాజుల్నీ మార్చి మార్చి చూసేవారు. ఆ చూపులకు విసిగిపోయి, వచ్చినవాళ్ళు సగం చెప్పగానే మిగతా సగం నేనే చెప్పేయడం అలవాటు చేసుకున్నాను. నోరు తెరిచేలోపే రోగం చెప్పేస్తుందని నాకు పేరొచ్చింది. అది మెచ్చుకోలే అనుకున్నాను చాలాకాలం.

ఒక మంగళవారం శ్రీను అనే కుర్రాడు లాప్‌టాప్ బ్యాగు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. బస్సుకు టైమవుతోందని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"మా బావది అక్కా. మద్దూరు మాది. మస్తు స్లో అయింది. ఆఫీసు పని, టైపింగ్ చేస్తడు. మా బావకూ..."

"తెలుసులే" అన్నాను. "పాత మెషీను, పాత విండోస్. గురువారం వచ్చి తీసుకుపో."

తెరిచి చూస్తే నేను అనుకున్నట్టే ఉంది. విండోస్ పూర్తిగా మొదలయ్యేదాకా కూడా ఆగలేదు నేను. హార్డ్ డిస్కు, అంటే ఫైళ్ళన్నీ దాచే భాగం, ముసలిదైపోయి టక్ టక్ అని కొట్టుకుంటోంది. దాన్ని తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టాను. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలుండవు, కాబట్టి పని చకచకా అవుతుంది. దాని మీద లినక్స్ వేశాను. డాక్యుమెంట్లు, ఫోటోలు, డెస్క్‌టాప్ మీద ఉన్నవి మార్చి పెట్టాను. పాట పెట్టి స్పీకర్ కూడా చూశాను. గురువారం శ్రీనుకు ఇచ్చేటప్పుడు "మీ బావ ఎగిరి గంతేస్తాడు చూడు" అన్నాను.

శనివారం పొద్దున షాపు తెరిచిన కాసేపటికే శ్రీను మళ్ళీ వచ్చాడు. వెనక ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కాలో. నేను మనుషుల్ని చూడలేదు, బ్యాగులోంచి వస్తున్న లాప్‌టాప్‌నే చూశాను.

"మేడం, లాప్‌టాప్ మాట్లాడుతలేదు" అన్నాడాయన.

"స్పీకరా? పాట పెట్టి చూసే ఇచ్చిన కదా. మంచిగనే వచ్చింది."

"పాట గాదు మేడం. గది నాతోని మాట్లాడాలె."

అప్పుడు తలెత్తాను. ఆయన ఒక చేయి శ్రీను మోచేతి మీద ఉంది. ఇంకో చేతిలో మడిచిన తెల్ల కర్ర.

పేరు రాజమల్లు. పుట్టుకతోనే చూపు లేదు. సిద్దిపేటలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ, ప్రతి బటన్‌నూ చదివి వినిపిస్తుంది. ఆయన మౌస్ ముట్టుకోడు, కీబోర్డు మీదే అన్నీ నడిపిస్తాడు. ఆ సాఫ్ట్‌వేర్ కూడా పాత డిస్కుతోపాటే పోయింది. గురువారం సాయంత్రం మూత తెరిచి, బటన్ నొక్కి, పావుగంట సేపు వింటూ కూర్చున్నాడట.

నా తప్పు నాకు తెలుస్తూనే ఉంది, అయినా నా నోరు ఊరుకోలేదు. శ్రీను మీద విరుచుకుపడ్డాను. "ఈ సంగతి చెప్పొద్దా నువ్వు?"

"చెప్పబోయిన అక్కా. మీరు తెలుసులే అన్నరు. నిజంగనే తెలుసేమో అనుకున్న" అన్నాడు అమాయకంగా.

నేను లాప్‌టాప్‌ను నా వైపు తిప్పుకున్నాను.

రాజమల్లే కలగజేసుకున్నాడు. "ఆణ్ణి ఏమనకుండ్రి మేడం. మా ఇంట్ల నాకు కండ్లు లేవన్న ముచ్చటే ఎవ్వరికీ యాదికుండదు. గని, సోమవారం లోపల ఇది కావాలె నాకు."

"సోమవారం ఏముంది?"

"ఆరేండ్ల సంది ఫోన్ దగ్గరనే కూసుంటున్న. ఎవరన్న ఫోన్ చేస్తే ఎత్తుడు, గా సెక్షన్ల అడుగుండ్రి అని చెప్పుడు. గంతే నా పని. లెటర్లు నేను కూడ చేస్త సార్ అని అడుగంగ అడుగంగ, కొత్తగ వచ్చిన పెద్ద సారు ఒప్పుకున్నడు. సోమవారం నుంచి వారం రోజులు లెటర్ల సీట్ల కూసో, చూద్దాం అన్నడు. కాకపోతే మల్ల ఫోన్ దగ్గరికే. ఆఫీసు కంప్యూటర్ల నా సాఫ్ట్‌వేర్ పెట్టుటానికి పర్మిషన్ రావాలెనట. అందాక నా లాప్‌టాపే తెచ్చుకుంట అన్న."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండును అనిపించింది నాకు. తిడితే కొంచెం తేలికపడేదాన్ని.

అయినా నా లినక్స్ అభిమానం ఓ పట్టాన వదల్లేదు. "లినక్స్‌లో కూడా స్క్రీన్ రీడర్ ఉంటుంది సార్, చూపిస్తా" అని మూడు కీలు కలిపి నొక్కాను. లాప్‌టాప్ నోరు విప్పింది. రాజమల్లు ముందుకు వంగి, వేళ్ళు కీబోర్డు మీద పెట్టి ఒక ఇరవై నిమిషాలు ఓపిగ్గా పరీక్షించాడు. ఫైల్ తెరిచాడు, నాలుగు లైన్లు కొట్టాడు, అటూ ఇటూ తిరిగాడు. రెండు మూడుసార్లు ఎక్కడో ఇరుక్కుని వెనక్కొచ్చాడు. ఆ మనిషి కళ్ళు లేకుండా చేస్తున్న పరీక్ష, నేను పద్దెనిమిదేళ్ళలో ఏ ఆపరేటింగ్ సిస్టంకూ పెట్టలేదు.

"ఇది కూడ మంచిదే మేడం. ఒక నెల టైముంటే నేర్చుకునేటోణ్ణి. కీలు వేరే ఉన్నయ్, గొంతు వేరే ఉన్నది. ఆఫీసుల ఉన్నది కూడ విండోసే. నా దగ్గర ఉన్నది రేపటి ఆదివారం ఒక్కటే" అన్నాడు.

ఎన్ని చోట్ల ఎంతమందితో వాదించానో ఏ సిస్టం గొప్పదని! ఈయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. నోరు మూసుకుని విండోస్ వేస్తానన్నాను.

అక్కడితో అయిపోలేదు. "మరి నా పేర్లు?" అని అడిగాడు. ఏం పేర్లని అడిగాను. ఇంగ్లీషులో టైపు చేసిన మన ఊళ్ళ పేర్లూ ఇంటిపేర్లూ స్క్రీన్ రీడర్ అడ్డదిడ్డంగా పలుకుతుంది. వింటే ఏ ఊరో ఆయనకే అర్థం కాదు. అందుకని ప్రతి పేరుకూ ఇలా పలకాలి అని ఒక్కొక్కటే నేర్పి, ఆరేళ్ళుగా ఒక జాబితా తయారుచేసుకున్నాడు. జిల్లాలో ఊళ్ళు, ఆఫీసు మనుషుల పేర్లు, ఫైళ్ళలో వచ్చే మాటలు, వందలకొద్దీ. అది డాక్యుమెంట్ల ఫోల్డర్‌లో ఉండదు. సాఫ్ట్‌వేర్లు తమ సెట్టింగులు దాచుకునే ఫోల్డర్ వేరే ఉంటుంది, మామూలుగా తెర మీద కనిపించదు. నేను దాన్ని కాపీ చేయలేదు.

నాకున్న ఒకే ఒక మంచి అలవాటు, తీసేసిన డిస్కుల్ని నెల రోజులదాకా పేరు చీటీ అంటించి డ్రాయర్‌లో ఉంచడం. ఆ రోజు నా పరువు కాపాడింది అదే. డిస్కు బయటికి తీశాను.

"గట్లయితే పాతదే మల్ల పెట్టుండ్రి అక్కా" అన్నాడు శ్రీను.

"అది చావు బతుకుల మీదుంది. సోమవారం పెద్ద సారు ముందట ఆగిపోతే?"

డిస్కును కేబుల్‌తో నా కంప్యూటర్‌కు తగిలించి కాపీ పెట్టాను. చిన్న ఫోల్డరే. మంచి డిస్కయితే రెప్పపాటులో అయిపోతుంది. ఇది మాత్రం కొంచెం నడవడం, ఆగిపోవడం. నేను తెర మీద, కాపీ ఎంతయిందో చూపే గీతను చూస్తూ నిలబడ్డాను. రాజమల్లు తల పక్కకు వంచి డిస్కు చప్పుడు వింటున్నాడు.

"ఆగింది" అన్నాడు. గీత కదల్లేదు. టక్, టక్, టక్. "ఆ... మల్ల తిరుగుతున్నది" అన్నాడు. ఆయన అన్న కాసేపటికి గీత కదిలింది. అలా నాలుగుసార్లు అయింది. నాలుగుసార్లూ ఆయన చెవే ముందు చెప్పింది, నా తెర తర్వాత. చివరికి కాపీ పూర్తయిందని వచ్చినప్పుడు నేను స్టూలు మీద కూలబడ్డాను. శ్రీను కిందికి పరిగెత్తి ముగ్గురికీ చాయ్ తెచ్చాడు.

ఇక విండోస్. ఆ లాప్‌టాప్ కొత్త విండోస్‌కు సరిపోదు కాబట్టి ఆయనకు అలవాటైన పాతదే వేసి, ఇంకో ఏడాదిపాటు అదనంగా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకంలో నమోదు చేశాను. ఏడాదిలో కొత్త మెషీను చూసుకోవాలని చెప్పాను. తర్వాత స్క్రీన్ రీడర్ వేసి, దక్కించుకున్న సెట్టింగులు పెట్టాను. లాప్‌టాప్ మాట్లాడటం మొదలుపెట్టింది, కానీ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇదేంది, పాడయిందా?" అని కంగారుపడ్డాను.

రాజమల్లు పెద్దగా నవ్వాడు. ఆ రెండు గంటల్లో మొదటిసారి. "నా స్పీడే గది అక్కా! మెల్లగ చదివితే పొద్దుగూకుతది." మేడం కాస్తా అక్క అయ్యానని అప్పుడు గమనించాను. ఆయన ఒక పాత ఉత్తరం తెరిచి, పేర్లొచ్చే లైన్ల దగ్గర ఆగి విన్నాడు. మద్దూరు, ములుగు, ఇంకా ఏవేవో ఊళ్ళు. నాకు గడగడమని శబ్దమే వినిపిస్తోంది. ఆయన మొహం మాత్రం లైను లైనుకూ విచ్చుకుంటోంది. "అన్నీ ఉన్నయ్" అన్నాడు. ఏడుపొచ్చింది నాకు. ఆయనకు కనిపించదని ధైర్యంగా కళ్ళు తుడుచుకున్నాను. శ్రీను చూశాడు.

ఆదివారం షాపుకు సెలవు. అయినా నా సొంత కంప్యూటర్లో స్క్రీన్ రీడర్ వేసుకుని, మానిటర్ ఆపేసి, ఒక ఉత్తరం కొట్టి చూద్దామని కూర్చున్నాను. ఫైల్ తెరవడానికే అరగంట పట్టింది. తర్వాత అది ఎక్కడ సేవ్ అయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పటినుంచి నా షాపులో ఒక పద్ధతి మారింది. మెషీను తీసుకునేటప్పుడు రాసే జాబ్ కార్డులో, మోడల్ కంటే ముందు, 'ఎవరు వాడతారు, ఎలా వాడతారు' అని ఒక లైను చేర్చాను. జవాబు పూర్తయ్యేదాకా పెన్ను పట్టుకుని నోరు మెదపకుండా కూర్చుంటాను. చాలా కష్టంగా ఉంటుంది. కానీ ఆ లైను వల్లే తెలిసింది, ఒక ముసలాయనకు చేతులు వణుకుతాయని, ఒక టీచర్ తన స్కూల్లో పిల్లలు వాడేదే ఇంట్లోనూ కావాలంటుందని, ఒకామెకు దుబాయిలో ఉన్న భర్తతో వీడియో మాట్లాడటం తప్ప ఇంకేమీ అక్కర్లేదని. లినక్స్ ఇప్పటికీ వేస్తాను, ఇష్టంగానే. ఏది మంచిదని ఎవరైనా అడిగితే మాత్రం ఇదివరకటిలా వెంటనే చెప్పను. మీ సంగతి చెప్పండి ముందు అంటాను.

ఇక ఆ సోమవారం సంగతి. పొద్దున్నుంచీ నాకు పని మీద మనసు నిలవలేదు. లాప్‌టాప్ ఆగిపోయిందేమో, ఏదైనా మర్చిపోయానేమో, మళ్ళీ ఫోన్ దగ్గర కూర్చోబెట్టేశారేమో అని ఒకటే గుబులు. పన్నెండు దాటాక ఉండబట్టలేక రాజమల్లుకు ఫోన్ చేశాను. రెండు రింగులకు ఎత్తాడు. వెనకాల ఆ గడగడ గొంతు వినిపిస్తోంది.

"ఎట్లుంది సార్?" అన్నాను.

"అక్కా, రెండు లెటర్లకు సారు సంతకం పెట్టిండు. మూడోది చేస్తున్న. ఇప్పుడు మాట్లాడలేను, పనున్నది. పెడుతున్న" అన్నాడు. పెట్టేశాడు.

ఆరేళ్ళపాటు వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తి ఓపిగ్గా జవాబు చెప్పడమే పనైన మనిషి, పనుందని నా ఫోన్ కట్ చేశాడు. అంత హాయిగా అనిపించిన మాట ఈ వృత్తిలో నేను ఇంకోటి వినలేదు.