కుసుమ సంచిలో కరివేపాకు

మా కోడలు కుసుమను మేముండే కెల్లీవిల్‌లో ఆడవాళ్లు వెనకాల ‘రూల్స్ ఆంటీ’ అంటారు. ముఖం మీద అనరు, అంత ధైర్యం లేదు. వెస్ట్‌మీడ్‌లో ఆసుపత్రి ఒకదాంట్లో పరీక్షలకు రక్తం తీసే పని ఆమెది. మనిషి తన నోటితో పేరు, పుట్టిన తేదీ చెప్పనిదే సూది ముట్టదు. ఒకసారి నాకే తీయాల్సి వచ్చింది.

“మీ పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి” అంది.

“పొద్దున నాకు కాఫీ కలిపిచ్చింది నువ్వే కదుటే?”

“నేనే అత్తయ్యా. చెప్పండి.”

గాలివాన వచ్చిన ఏడు పుట్టానని చెబితే ఒప్పుకోలేదు. పాస్‌పోర్టులో ఉన్న తేదీ బట్టీ పట్టించి మరీ గుచ్చింది. ఎర్ర లైటు పడితే ఖాళీ రోడ్డు మీదైనా ఆగిపోయే మనిషి. ఆమెకున్న నగా నట్రా అంతా ఆ మంచి పేరే.

పెళ్లయి పాతికేళ్లు నిండాయని, ఎక్కడైనా ఒక దీవికి వెళ్లి నాలుగు రోజులు సముద్రం చూడాలని ఉందంది. కోరికలు ఎక్కువ లేని పిల్ల. నా కొడుకు ఉమామహేశ్వరరావు, టాస్మానియా కూడా దీవే కదా, అక్కడికే పోదామన్నాడు. ముసలిదాన్ని ఒంటరిగా వదలకూడదని నన్నూ బయలుదేరదీశారు. మొగుడూ పెళ్లాల మధ్య మూడో కుర్చీ ఎందుకు, నేను రానన్నాను.

“మీరు రాకపోతే అక్కడ నాతో మాట్లాడేదెవరు అత్తయ్యా?” అని నవ్వింది కుసుమ. ఆ నవ్వులో సగమే నవ్వు.

మా ఇంటికొక రోగముంది. మనుషులు ఊరు దాటితే వంటిల్లు కూడా వెనకాలే దాటాలి. కుక్కరు, ఇంగువ డబ్బా, పోపు గింజలు, అన్నీ సర్దింది. నా కొడుక్కి తాలింపులో పచ్చి కరివేపాకు చిటపటమనకపోతే ముద్ద దిగదు. పెరట్లో కుండీలో మొక్కకు చలికాలం పాత దుప్పటి కప్పి, పసిబిడ్డలా సాకింది కుసుమ, వాడి కోసమే.

“నాలుగు రెబ్బలు కోసి పెట్టు” అన్నాడు వాడు.

“అక్కడికి ఆకు, కాయ, పండు ఏదీ తేనివ్వరండీ. వాళ్ల తోటలకి తెగుళ్లు పట్టుకుంటాయట.”

“నా నాలుగు రెబ్బలకే టాస్మానియా మునిగిపోతుందా?”

“మునగదు. కానీ రూల్ అంటే రూల్.”

“సరేలే తల్లీ!” అన్నాడు. సరే అన్నాడు కదా అని మేమిద్దరం నమ్మాం.

విమానం దిగబోతుండగా, పళ్లూ ఆకులూ ఎవరి దగ్గరున్నా దిగగానే డబ్బాలో పడేయండని మైకులో చెప్పారు. కుసుమ నా చేతిసంచిలోంచి అరటిపండు తీసి అప్పటికప్పుడు నా చేత తినిపించింది. వాడు కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చున్నాడు. ఏనాడూ మబ్బులు చూసిన మనిషి కాడు. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

హోబర్ట్‌లో విమానం దిగగానే నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. సామాను వచ్చేచోట పచ్చచొక్కా పిల్ల ఒకతె కుక్కను పట్టుకుని తిరుగుతోంది. వేలాడే చెవులతో ముద్దుగా ఉందా కుక్క. అందరి సంచులూ మూచూసుకుంటూ వచ్చి, కుసుమ నీలం సంచి పక్కన బుద్ధిగా చతికిలబడింది. దాన్ని చూసి కుసుమ ముచ్చటపడి నవ్వింది కూడాను.

ఈ సంచి ఎవరిదని మర్యాదగా అడిగింది పచ్చచొక్కా పిల్ల. నాకొచ్చిన ఇంగ్లీషు గుప్పెడే, అయినా ఆ ప్రశ్న అర్థమైంది. నా కొడుకు చెప్పిన జవాబు అంతకంటే బాగా అర్థమైంది.

“మై వైఫ్స్. ఐ టోల్డ్ హర్ నాట్ టు బ్రింగ్ ఎనీథింగ్.”

అప్పటికింకా సంచి తెరవనేలేదు. లోపల ఏదో ఉందని ఎవరూ అననేలేదు. వాడు ముందే చేతులు కడిగేసుకున్నాడు.

కుసుమ తెరిచింది. చీరల మడతల మధ్య, తడిపిన చేతిరుమాలులో చుట్టి, నిగనిగలాడుతూ కరివేపాకు. నీలం గళ్ల రుమాలు. అంచు కుట్టింది నేను, ఉతికేది ఆమె. ఇద్దరం ఆ రుమాలు చూశాం, తర్వాత వాడిని చూశాం. వాడు తిరుగుతున్న బెల్టు మీద ఎవరివో పెట్టెలు చూస్తున్నాడు.

ఆమె ఒక్క మాట అంటే తీరిపోయేది. అనలేదు. “సారీ. ఇట్స్ మై బ్యాగ్” అంది, తల వంచుకుని. చూశారా, సంచి తనదే కదా. ఆ నిమిషంలో కూడా అబద్ధమాడలేదు మహాతల్లి.

పచ్చచొక్కా పిల్ల ఆకు తీసుకుని, ఇంకోసారి తెస్తే జరిమానా వేస్తామని చెప్పి, రుమాలు తిరిగిచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు. అందులో మా వీధి ఉదయశ్రీ ఒకతె. మేము దిగబోయే చోటు మాకు చెప్పిందే ఆమె, తనూ మొగుడితో అదే విమానంలో వచ్చింది.

“అయ్యో, మీరా ఆంటీ!” అంది. ఆ రెండు మాటలకే కుసుమ చెవుల దాకా ఎర్రబడింది.

కెల్లీవిల్‌లో నా నోటికి జడవనివాళ్లు లేరు. అక్కడ మాత్రం నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పెళ్లాం కొంగు చాటున దాక్కున్నవాడు నేను కన్నవాడు. వాడిని బయటపెడితే బయటపడేది నా కడుపే కదా.

కారులో వాడే మొదలుపెట్టాడు. “ఇంత చిన్నదానికి ముఖం మాడ్చుకుంటావేం?”

“నేనేం మాడ్చుకోలేదండీ. గీత దాటుతున్నారు, చూసి నడపండి.”

దిగిన ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉంది. గుమ్మంలో నిలబడితే నీళ్లు కళ్లలోకే వస్తున్నట్టుంటాయి. ఆ నీళ్ల కోసమే వచ్చిన మనిషి వాటికి వీపు పెట్టి బియ్యం కడుగుతోంది.

“ఒరే, వెళ్లి ఆమెతో ఒక్క మాట చెప్పరా” అన్నాను.

“ఏం చెప్పాలమ్మా? ఫైన్ కూడా వెయ్యలేదుగా!”

జరిమానా వెయ్యకపోతే తప్పే లేదట. ఇంత పెద్ద చదువులు చదివాడని ఊరంతా చెప్పుకున్న నోరు నాది. ఆ నోరు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం, పక్క ఇంట్లోనే దిగిన ఉదయశ్రీ వేడి చిప్స్ పొట్లంతో వచ్చింది. “తీసుకోండి బామ్మగారూ! కరివేపాకు పోయింది కదా, పాపం ఆంటీకి వంట సాగుతుందో లేదోనని తెచ్చాను. ఆంటీ, మన లేడీస్ గ్రూప్‌లో పెట్టెయ్యనా? రూల్స్ ఆంటీని కుక్క పట్టుకుందంటే ఒక్కరూ నమ్మరు!”

అనేసి నాలుక కరుచుకుంది. వెనకాల పేరు ముందుకొచ్చేసింది మరి.

నా కొడుకు నవ్వాడు. “వద్దంటే వినదు ఉదయశ్రీ” అన్నాడు.

కుసుమ పంపు దగ్గర ఆ రుమాలు పిండుతోంది. ఇటు తిరగలేదు. పిండటం మాత్రం ఆగిపోయింది, నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. పొద్దున ఒక్కసారంటే భయపడి అన్నాడనుకోవచ్చు. ఇప్పుడు భయపెట్టేవాళ్లెవరున్నారు? కుక్కా లేదు, పచ్చచొక్కా లేదు.

“ఉమా! ఆమె పిండుతున్న రుమాలు ఎవరిదిరా?” అన్నాను.

ఉదయశ్రీ ఒకసారి రుమాలు వంక, ఒకసారి వాడి వంక చూసింది. వాడి చెయ్యి తనంతట తనే ఖాళీ జేబులోకి వెళ్లి బయటికొచ్చింది.

“నాది” అన్నాడు. “ఆకు పెట్టింది నేనే ఉదయశ్రీ. ఆమెకు తెలియదు.”

ఉదయశ్రీ చిప్స్ బల్ల మీద పెట్టి, చలేస్తోంది వెళ్తానంది. ఎవరికి చలేస్తోందో ఆ దేవుడికెరుక.

కుసుమ రుమాలు దులిపి వరండా కడ్డీ మీద ఆరేసింది. “ఎందుకత్తయ్యా, బయటివాళ్ల ముందు ఆయన్ని...” అంది నాతో మెల్లగా.

“నిన్ను ఎవరి ముందు పడేశాడే?” అన్నాను. కుసుమ కంచాలు తీసింది.

కరివేపాకు లేని పప్పుతోనే అన్నం పెట్టింది. వాడు తల ఎత్తకుండా కంచం ఖాళీ చేశాడు. ముద్దలన్నీ బాగానే దిగాయి. తర్వాత ఆమె శాలువా కప్పుకుని, సముద్రం చూసొస్తానని నాతో చెప్పి మెట్లు దిగింది. వాడు చెప్పులు వెతుక్కుని వెనకాల పరుగెత్తాడు. “కుసుమా, ఆగు” అని పిలవడం నాకు వరండాలోకి వినిపించింది.

ఆమె ఆగలేదు. నేనైనా ఆగను.