దీపాలు పెట్టే వేళకు ఢిల్లీ

అరవైల చివరి రోజులు. వారాసిగూడలో మా ఇంట్లో ఆడపిల్లకు ఒకటే చట్టం: ఎక్కడికైనా వెళ్లు, దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండు. తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ క్యాంపస్‌కు నడిచి, ఎమ్మే భూగోళం పాఠాలు విని, పొద్దుండగానే ఇల్లు చేరేదాన్ని. మా బాపు దృష్టిలో దూరమంటే మైళ్లు కాదు, చీకటి పడేలోపు తిరిగి రాగలమా లేదా అన్నదే. ఆ లెక్కన ముషీరాబాద్ దగ్గర, వరంగల్ పరదేశం.

అలాంటి ఇంటికి నేను ఢిల్లీ మాట తెచ్చాను. అక్కడ మ్యాపులు గీయడంలో ఏడాది శిక్షణకు మా తరగతి నుంచి నన్నొక్కదాన్నే ఎంపిక చేశారు. హాస్టలు, భోజనం ఖర్చు శిక్షణ ఇచ్చేవాళ్లదే. తోటి మగపిల్లల మొహాలు మాడిపోయాయి. బస్సులో ఇంటికొస్తూ నేను ఒకటే అనుకున్నాను: ఏమైనా సరే, దీన్ని వదలను.

బాపుది రైలు డబ్బాలు బాగుచేసే వర్క్‌షాపులో పని. ఆయన చేతుల మీదుగా పోయిన డబ్బాలు ఢిల్లీ చూశాయి గానీ, ఆయన కాజీపేట దాటలేదు. అన్నం తింటున్నప్పుడు సంగతి చెప్పాను.

"దీపాలు పెట్టేయాళ్లకు వస్తవా?" అన్నాడు ముద్ద కలుపుతూనే.

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

"విమానమైతే రెండు గంటలే బాపూ. పొద్దుగాల పోయి పని చూస్కొని, దీపాలు పెట్టేయాళ్లకు మళ్ల బేగంపేటల దిగొచ్చు."

"అయితే విమానంల పోతున్నవా?"

"లేదు, రైల్ల."

"రైలు సంగతి నాకు చెప్తున్నవా? రెండు రాత్రులు, నడుమ ఒక పగలు." ఆయన నవ్వాడు, పక్కన అమ్మా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"విమానమెక్కేటోళ్ల పిల్లకు ఢిల్లీ దగ్గర, నీ బిడ్డకు దూరమా? ఊరు ఆడనే ఉన్నది బాపూ, జరగలె."

ఆయన చేయి కంచంలో ఆగిపోయింది. "ఊకో" అంటూ అమ్మ కళ్లెర్రజేసింది. మా బాపుది ఉడుంపట్టు. నాకూ అదే అబ్బింది. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. నేను మాత్రం ట్రంకుపెట్టె దులిపి, ఆయన కంటబడేలా వాకిట్లో ఎండకు పెట్టాను.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి, నూనె మరకల చొక్కాతోనే మా డిపార్ట్‌మెంట్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆయన క్యాంపస్‌లో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

"గా ఢిల్లీ యాడున్నదో చూపియ్."

గ్లోబు దగ్గరకు తీసుకెళ్లి, హైదరాబాదు మీద దారం కొస పట్టుకొమ్మన్నాను. ఆయన బొటనవేలి కింద తార్నాక, వారాసిగూడ, మా ఇల్లు అన్నీ దాగిపోయాయి. రెండో కొసను నేను ఢిల్లీ దాకా లాగాను. నేరుగా గాలిలో పోతే పన్నెండు వందల కిలోమీటర్ల పైమాటే అని చెప్పాను. దారం మాత్రం రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. ఆయన రెండో చేతి వేళ్లు దారం పక్కన ఆనించి కొలుచుకున్నాడు.

"ఆడ గూడ దీపాలు పెట్టేయాళ్లకు ఇంట్ల ఉండాలె," అన్నాడు చివరికి.

గెలిచానని తెలిసింది. అయినా నోరు ఊరుకోలేదు. "ఆడ మనకు ఇల్లేడిది బాపూ?"

"నువ్వుంటవు గద బిడ్డా. నువ్వున్నదే ఇల్లు."