పదిహేడో బావిలో నీళ్లు

ముప్పై ఏళ్లకు పైగా ఒక కాగితం ముక్కను మోస్తున్నాను. తూస్తే గురిగింజంత బరువు కూడా ఉండదు. కానీ దాన్ని దాచిన ట్రంకుపెట్టె మూత ఎత్తేముందు ఈనాటికీ వీధి తలుపు గడియ పెట్టుకుంటాను. మీరెవరో నాకు తెలీదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకయితే ఈ మాట చెప్పలేను. చెప్పలేకనే కదా ఇన్నేళ్లు గడిచాయి.

మా వీధిలో నాకు మహా జాగ్రత్తమనిషి అని పేరు. ఎవరింట్లో కంప్యూటర్ కొన్నా, ఎవరి ఫోన్‌కు వింత మెసేజీ వచ్చినా నా దగ్గరికే వస్తారు. ముక్కూ మొహం తెలియనిదాన్ని లోపలికి రానీయొద్దు, దేనికైనా ఇంకో నకలు తీసి వేరేచోట పెట్టుకోండి, మిషన్‌కు జబ్బు చేసినప్పుడు ఆ నకలును పొరపాటున కూడా అందులో పెట్టొద్దు అని చెబుతాను. "పిన్నమ్మకు ఎంత తెలుసో" అని మెచ్చుకుంటారు. తెలుసు. ఎట్లా తెలిసిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడుగుతారేమోనని నాకు ప్రతిసారీ భయం.

అవి ఎనభైల చివరి ఏళ్లు. నాకు ఇరవై మూడు. మాది బత్తలపల్లె. నాయన పట్టుచీరలు నేసేవాడు. కళ్లు మసకబారి, పోగు కనపడక మగ్గం దిగేశాడు. అదే ఏడు అనంతపురంలో, బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిపించే ఒక సర్కారు ఆఫీసులో నాకు తాత్కాలిక ఉద్యోగం దొరికింది. కంప్యూటర్‌లోకి అంకెలు ఎక్కించడం నా పని. ఆరు నెలలకోసారి పొడిగిస్తారు. పొడిగించకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఇది సాకు అనుకుంటారేమో. సాకే. అయినా నిజమే.

ఆ కంప్యూటర్ గదికి జరిగిన మర్యాద గుళ్లో దేవుడికి కూడా జరిగి ఉండదు. జిల్లా అంతా ఎండకు మాడిపోతుంటే ఆ ఒక్క గదిలో ఏసీ. గుమ్మం మీద 'చెప్పులు బయట విడువుము' అని బోర్డు. ఆఫీసు పెద్దను అందరం సారు అనేవాళ్లం. దుమ్ము పడితే మిషన్ చస్తుందని ఆయన భయం. దసరాకు దానికి పసుపూ కుంకుమా పెట్టించి, గుమ్మడికాయతో దిష్టి తీయించి, ఆ కుంకుమ ఎక్కడ లోపల పడుతుందోనని మళ్లీ తనే కోడి ఈకతో ఊడ్చుకునేవాడు. మేం కాళ్లు కడుక్కుని, తుడుచుకుని లోపలికి పోయేవాళ్లం. చెప్పులకు అంత కాపలా పెట్టాం, చేతిసంచిలో ఏం పోతోందో ఒక్కనాడూ చూడలేదు.

ఓబులేసన్న మాత్రం ఆ గదిలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆయన బావులు కొలిచే మనిషి. రోజుకూలీ. శింగనమల పక్క ఒక పల్లె ఆయనది. సైకిల్ మీద ఊరూరా తిరిగి, ఇనప టేపు కొసకు సుద్ద రాసి బావిలోకి వదిలేవాడు. పైకి లాగి, సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసి, చీటీ మీద పెన్సిల్‌తో రాసేవాడు. మోకాళ్ల దాకా దుమ్ముతో వచ్చి, గుమ్మం బయటే నిలబడి చీటీలు అందించేవాడు. నేను వాటిని ఎక్కించేదాన్ని. ఎక్కించిన చీటీలను అటెండరు బస్టాండులో వేయించిన వేరుశనగ బుడ్డలమ్మే ఆమెకు పొట్లాలకు ఇచ్చేసేవాడు. మిషన్‌లో ఉన్నాక కాగితంతో పనేముందని సారు హుకుం.

ఇక నా పాపం. నేను కంప్యూటర్ నేర్చుకున్న చోట ఒకాయన నాకు ఒక ఆట ఉన్న ఫ్లాపీ ఇచ్చాడు. అప్పుడు ఫ్లాపీలంటే విసనకర్రలా పల్చగా ఊగే నల్లటి చదరాలు. ఆఫీసు బావుల వివరాలన్నీ అట్లాంటి ఒక ఫ్లాపీలోనే ఉండేవి. దానికి నకలు ఇంకొకటి, బీరువాలో. ఆ నకలు అంచున చిన్న వెండిరంగు చీటీ అంటించి ఉండాలి. అది ఉన్నంతసేపు మిషన్ దాని మీద ఏమీ రాయలేదు, చెరపలేదు. వారం వారం నకలు తీసేటప్పుడు ఆ చీటీ పీకాలి, తర్వాత మళ్లీ అంటించాలి. నాకు బద్ధకం. ఒకసారి పీకినదాన్ని మళ్లీ అంటించలేదు. ఎవరు చూస్తారులే అనుకున్నాను. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోతే, సంచిలోంచి ఆట తీసి మిషన్‌లో పెట్టేదాన్ని. ఆ ఫ్లాపీ ఎన్ని మిషన్లు తిరిగి వచ్చిందో, ఏ మాయరోగం, ఇప్పుడు వైరస్ అంటున్నారే అది, అంటించుకొచ్చిందో నాకేం తెలుసు? తెలుసుకోవాలని అనిపించిందా? లేదు. చల్లటి గది, ఆట. అంతే.

ఒక సోమవారం మిట్టమధ్యాహ్నం, నేను అంకెలు ఎక్కిస్తుండగా తెర మీది అక్షరం ఒకటి జారి కిందికి పడింది. కళ్లు నులుముకున్నాను. ఇంకొకటి పడింది. తర్వాత జలజలా రాలడం మొదలయింది. ఊళ్ల పేర్లు, బావుల నంబర్లు, అన్నీ తెర అడుగున కుప్ప పడ్డాయి. ఏం చేయాలో తోచక స్విచ్చు తీసేశాను, ఫ్లాపీ మీద రాస్తోందని చూపే ఎర్రదీపం ఇంకా వెలుగుతుండగానే. మళ్లీ వేస్తే ఆ ఫ్లాపీ చదవడం లేదు. బీరువా తెరిచి నకలు తెచ్చాను. ఒక్క క్షణం ఆగి ఉంటే! మిషన్‌కే జబ్బు అని తట్టి ఉంటే! వెండి చీటీ లేని ఆ నకలును అదే మిషన్‌లో పెట్టాను. అదీ పోయింది.

శుక్రవారం లోపల పట్టిక ఇవ్వాలి. ఏ బావి ఎండితే ఆ ఊరికి నీళ్ల ట్యాంకరు పంపాలన్నది దాన్ని చూసే తేలుస్తారు. సారుకు చెప్పాలనుకున్నాను. ఆయన గది గుమ్మం దాకా మూడుసార్లు పోయాను. మూడుసార్లూ వెనక్కి వచ్చాను. చెబితే ఏమయ్యేది? తిట్టేవాడు. ఉద్యోగం పోయేది. ఓబులేసన్న మళ్లీ సైకిలెక్కి బావులన్నీ కొలిచి వచ్చేవాడు. అంతే కదా. ఆ 'అంతే' నాకు ఆరోజు కొండంత కనిపించింది.

బస్టాండుకు పరుగెత్తాను. బుడ్డలమ్మే ఆమె దగ్గర పొట్లం మీద పొట్లం కొని విప్పి చూశాను. "ఏమ్మే, బుడ్డలు తింటావా, కాగితాలు తింటావా?" అని నవ్వింది. కొన్ని చీటీలు దొరికాయి. దొరకని బావులకు, గోడకు వేలాడే పాత పట్టిక చూసి, ఒక్కోదానికి రెండడుగులో మూడడుగులో లోతు పెంచి వేసుకుంటూ పోయాను. కరువు కదా, నీళ్లు దిగే ఉంటాయి. ఎంత తెలివి! పదిహేడో బావికి నలభై అడుగులు అని వేశాను. నలభై అడుగుల లోతున నీళ్లు ఉన్నాయని.

పట్టిక వేళకు ఇచ్చినందుకు సారు మెచ్చుకున్నాడు. మూడు వారాల తర్వాత పదిహేడో బావి ఉన్న ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసు ముందుకు వచ్చారు. చుట్టూ ఊళ్లకు ట్యాంకరు వస్తోంది, తమకు రాదేమని. సారు పట్టిక చూసి, "మీ బావిలో నీళ్లుండాయి కదమ్మా" అన్నాడు. ఒకామె తన బిందె ఎత్తి ఆయన ముందు నేల మీద బోర్లించింది. ఒక్క చుక్క రాలలేదు. నేను ఏసీ గది కిటికీ వెనక నిలబడి ఉన్నాను.

ఆఫీసు జీపు ఆ ఊరికి పోయింది, వచ్చింది. బావి అడుగున బీటలు వారిన మట్టి తప్ప ఏమీ లేదట. మర్నాడే ఆ ఊరికి ట్యాంకరు పోయింది. ఆ మాట పట్టుకునే నేను చాలా ఏళ్లు బతికాను, ట్యాంకరు పోయిందిగా అని. కానీ తప్పు ఎవరిదో తేలాలి కదా. బావి దగ్గరికి పోకుండా ఇంట్లో కూర్చుని చీటీలు రాస్తున్నాడని ఓబులేసన్నను పనిలోంచి తీసేశారు. చూపించడానికి ఆయన దగ్గర చీటీ లేదు. చీటీలన్నీ పొట్లాలయిపోయాయి.

ఆ సాయంత్రం ఆయన కంప్యూటర్ గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. అప్పుడు కూడా చెప్పులు విడిచి, గడప అవతలే నిలబడ్డాడు.

"పాపా, పదిహేడో బాయి ఎండె అనే రాసిచ్చినా గదా? నువ్వే గదా చీటీ తీసుకుంటివి."

"నాకు గుర్తు లేదన్నా."

"రాసినట్లే ఉండాది నాకు. టేపు ఏసినా, సుద్ద తడవలేదు. అనుమానమొచ్చి రెండోసారీ ఏసినా."

నేను ఇంకో చీటీ తీసి ఎక్కించడం మొదలుపెట్టాను.

"మిషను అబద్దం చెప్పదు, మనుషులే చెప్తారు అంటాండాడు సారు. నిజమేనా పాపా?"

"నిజమేనన్నా. మిషన్‌కు అబద్ధం చెప్పడం రాదు."

ఆయన కాసేపు తన అరిచేతులు చూసుకున్నాడు. "అట్లయితే నేనే ఏమో తప్పు రాసింటాలే. ఎండకు కండ్లు మసకలు కమ్మింటాయి" అన్నాడు. చెప్పులు వేసుకుని పోయాడు.

గుర్తు లేదన్నది అబద్ధమా? వందల చీటీలు చూసినదాన్ని, ఆ ఒక్క చీటీ నిజంగానే గుర్తు లేదు. కానీ ఆ నలభై ఎవరిదో గుర్తుంది. నన్ను అడిగింది చీటీ గురించి కదా, నలభై గురించి కాదు కదా అని ఎన్ని రాత్రులు నాతో నేను వాదించుకున్నానో చెప్పలేను. వాదనలో ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. నిద్ర మాత్రం పట్టేది కాదు.

నాలుగు రోజులకు బస్టాండులో బుడ్డలమ్మే ఆమె నన్ను కేకేసి పిలిచింది. "నీ కాగితాలు ఇంగా కొన్ని ఉంటే తీసిపెట్టినా, తీసుకోపో" అంది. మా ఊరికి పోయే బస్సులో కూర్చుని ఒక్కొక్కటీ చూశాను. రాప్తాడు దాటాక దొరికింది. నూనె మరక పక్కన ఓబులేసన్న పెన్సిల్ రాత. 'నెం. 17. ఎండె. రెండుసార్లు ఏసినా.'

ఆ కాగితమే ఇది.

అప్పటికింకా సమయం ఉంది. సారు బల్ల మీద పెట్టి ఉంటే చాలు. పెట్టలేదు. పెడితే, మరి నలభై ఎక్కడినుంచి వచ్చింది అని అడుగుతారు. ఒక ఆదివారం ధైర్యం చేసి, కనీసం ఆయనకయినా ఇద్దామని శింగనమల బస్సెక్కాను. బస్సు దిగి ఆయన పల్లెకు నడిచి పోతుంటే, దారిలోని ఊరి బయట, రాయి మీద సున్నంతో 17 అని రాసిన బావి. గట్టు మీద ఓబులేసన్న. ఆఫీసు టేపు ఆఫీసు తీసుకుంది. ఆయన ఒక తాడుకు రాయి కట్టి, రాయికి సుద్ద రాసి, ఎండిన బావిలోకి వదులుతున్నాడు. పైకి లాగాడు. రాయిని తడిమాడు. తర్వాత పక్కన గొర్రెలు కాసుకుంటున్న ముసలాయన దగ్గరికి తీసుకుపోయాడు.

"నువ్వు పట్టి సూడు మామా. తడి ఉండాదా?"

"యాడిదిరా తడి? రోజూ ఇదే అడుగుతావు" అన్నాడు ముసలాయన.

"నీకు తెలిసింటాది, నాకే తెలియకుండాది" అని ఓబులేసన్న మళ్లీ గట్టు మీదికి పోయాడు.

రోజూ. ఆ మాట నాకు వినపడింది. నేను తీసింది ఆయన కూలీ ఒక్కటే కాదు. తన కళ్లను తను నమ్మే ధైర్యం తీసేశాను. చీటీ నా గుప్పిట్లోనే ఉంది. పాతికడుగుల దూరం. ఆయన ఇటు తిరుగుతాడేమోనని కంపచెట్ల వెనక నక్కి, వచ్చిన బస్సుకే వెనక్కి వచ్చాను. ఆ నెలలోనే ఆయన బెంగళూరికి కూలికి పోయాడని అటెండరు చెప్పాడు. ఆ తర్వాత ఏమయ్యాడో తెలీదు. మరుసటి ఏడు నా ఉద్యోగం పర్మినెంటు అయింది.

ఈనాటికీ జీపు చప్పుడు వింటే ఉలిక్కిపడతాను. తెర మీద ఏదయినా కదిలితే అక్షరాలు రాలుతున్నాయేమోనని అదురుతాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ హక్కు మీకు లేదు, అడిగే మొహం నాకూ లేదు. ఆయన ఉంటే ఎనభై దాటి ఉంటాయి. ఆయన మనవడో మనవరాలో ఇది చదువుతారేమో. చదువుతారని భయంగా ఉంది. చదవరేమోనని అంతకన్నా భయంగా ఉంది.

మిషన్‌లో కాదు, నా చేత్తో, కాగితం మీద రాస్తున్నాను. సుద్ద తడవలేదు. ఓబులేసన్న కళ్లకు ఏ మసకా లేదు. పదిహేడో బావి ఎండె. ఆయన రెండుసార్లు వేసి చూశాడు.