మిల్లు కాటా మీద రజియా

2018 అక్టోబరు. పామర్రుకి దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను పీడీని, అంటే పిల్లలకి ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్‌ని. ఊళ్లోవాళ్లకి మాత్రం ఇప్పటికీ ‘డ్రిల్లు మేడం’నే. మా స్కూలుకి ప్రహరీ గోడ సగమే ఉంది, ల్యాబు తలుపుకి గడియ లేదు. కానీ ఆడపిల్లల కబడ్డీ అంటే చుట్టుపక్కల మండలాల్లో మా పేరు చెప్పాల్సిందే. నాకంటే ముందు పనిచేసిన మాస్టారు మొదలుపెట్టిన ఆట అది. ‘తూకం రోజు’ కూడా ఆయన పెట్టిన ఆనవాయితీయే.

కబడ్డీలో వెయిట్ కేటగిరీ అని ఒకటుంటుంది. మా అమ్మాయిలు ఆడే విభాగంలో యాభై ఐదు కిలోలు దాటితే కోర్టులోకి రానివ్వరు. ఆటకి ముందు ఒక్కొక్కరినీ బరువు చూసే మిషన్ ఎక్కిస్తారు. మా స్కూల్లో అలాంటి మిషన్ లేదు. అందుకని జిల్లా సెలక్షన్స్‌కి బయల్దేరే రోజు మధ్యాహ్నం టీమంతా వరసగా ఊళ్లోని రైస్ మిల్లుకి నడిచేది. హెడ్మాస్టారు కొబ్బరికాయ కొట్టేవారు. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద ఒక్కో పిల్లా ఎక్కి దిగేది. దిగిన పిల్ల చేతిలో మిల్లు ఓనరుగారు బెల్లంముక్క పెట్టేవారు. ఆయనా మా స్కూల్లో చదివినవారే. మిల్లు గోడ మీద సుద్దముక్కతో పేరూ బరువూ రాసేవాళ్లం. మళ్లీ ఏడు తూకం రోజు దాకా దాన్నెవరూ చెరిపేవారు కాదు.

ఆ ఏడు మా టీముకి ప్రాణం రజియా. పదో తరగతి. కూతకి వెళ్లే ఆటగత్తెని రైడర్ అంటాం. రజియా కూతకి వెళ్తే అవతలి జట్టులో ఒకరైనా బయటికి రావలసిందే. వాళ్ల నాన్న మస్తాన్ అదే మిల్లులో హమాలీ. నోట్లో నాలుక లేని మనిషి. తల్లి మాత్రం గట్టి పిండం.

“జిల్లా టీములో పేరొచ్చిందనుకోండి, స్పోర్ట్స్ హాస్టల్లో ఇంటర్ చదువుకోనిస్తాను. రాలేదా, పది అవగానే కుట్టు మిషన్ దగ్గర కూర్చోవాల్సిందే. మళ్లీ మీరు మా గుమ్మం తొక్కకూడదు మేడం,” అని ఆవిడ ముందే తెగేసి చెప్పింది. మరుసటి ఏటికి రజియాకి ఆ విభాగంలో ఆడే వయసు దాటిపోతుంది. ఉన్నది ఆ ఒక్క అవకాశమే.

తూకం రోజు రజియా కాటా ఎక్కింది. యాభై నాలుగున్నర. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. బస్తాలు మోస్తున్న మస్తాన్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ఓనరుగారు రెండడుగుల అవతల ఉన్నారు.

“మేడంగారండీ, బెజవాడలో దిగాక ఇంకో మిషన్ మీద ఓసారి చూపించండి. రేప్పొద్దున కాదండీ, ఇవాళ సాయంత్రమే,” అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

నాది ఏళ్ల తరబడి గ్రౌండులో అరిచి అరిచి పెరిగిన గొంతు. “ఏం మస్తాన్‌గారూ, మీ మిల్లు కాటా మీద మీకే నమ్మకం లేదా?” అన్నాను నవ్వుతూ. ఓనరుగారు నవ్వారు, పిల్లలూ నవ్వారు. మస్తాన్ తల దించుకుని బస్తాల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇక్కడ నా సిగ్గు నేనే చెప్పుకోవాలి. మా నాన్న రైతు. ఆయన ధాన్యం ఎన్నో ఏళ్లు ఆ మిల్లుకే తోలాడు. “ఆ కాటాకి ఆకలెక్కువమ్మా, బస్తాకి కిలోన్నర మింగుతుంది,” అనేవాడు. ఊరందరికీ తెలుసు ఆ సంగతి. నాకూ తెలుసు. అది ధాన్యం గొడవ అనుకున్నామే తప్ప, పిల్లల్ని ఎక్కించేటప్పుడు కూడా ఆ కాటా అంతే తక్కువ చూపిస్తుందని ఒక్కరికీ తట్టలేదు. అంతకు ముందు పిల్లలంతా రివటల్లా ఉండేవాళ్లు కాబట్టి ఎప్పుడూ బయటపడలేదు. పుష్టిగా ఉన్న పిల్ల రజియాయే మొదలు.

సాయంత్రానికి విజయవాడ చేరి, భవానీపురంలో మా అక్కయ్య ఇంట్లో దిగాం. పిల్లల్ని భోజనానికి కూర్చోబెడుతుంటే రజియా నా పక్కకి చేరింది.

“మేడం, నాన్న మళ్లీ చూసుకోమన్నాడు. సందు చివర మందుల షాపులో బరువు మిషన్ ఉంది. వెళ్లొద్దామా?”

“కాటా మీద చూశాంగా. లేనిపోని భయాలు పెట్టుకోక కూర్చుని తిను.”

“చాలు మేడం, ఇంక వద్దు.”

“చాలేంటే! రేపు గాలి పీల్చి ఆడతావా?” అని ముద్దపప్పూ నెయ్యీ వేసి మారు వడ్డించాను. నా చేత్తోనే వడ్డించాను.

పొద్దున గ్రౌండులో మిషన్ యాభై ఆరు కిలోల మూడొందల గ్రాములు చూపించింది. మిషన్ తప్పన్నాను, గొడవపడ్డాను. అక్కడి అఫీషియల్ ఓపిగ్గానే విన్నారు. “గంట టైమిస్తాను మేడం. తగ్గించుకుని తీసుకురండి,” అన్నారు.

రజియాకి స్వెట్టరు తొడిగి ఎండలో పరుగు పెట్టించాను. మంచినీళ్లు ఇవ్వలేదు. దాని పెదాలు ఎండిపోయాయి. గంట అయ్యాక చూస్తే ఇంకా ఏడొందల గ్రాములు ఎక్కువే. “ఇంకో రౌండు కొడతా మేడం, ఒక్క రౌండు,” అని నా చెయ్యి పట్టుకుంది. రెండడుగులు వేసి కూలబడిపోయింది. ఆ అఫీషియల్ దగ్గరికొచ్చి, “రూలు నేను రాసింది కాదమ్మా,” అన్నారు.

అది ఏడ్చుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఏడవలేదు. మిగతా పిల్లలకి నీళ్ల సీసాలు అందిస్తూ కోర్టు గీత అవతల కూర్చుంది. మేం రెండో మ్యాచ్‌లోనే ఓడిపోయాం. ముందురోజు సాయంత్రమే బరువు చూసుంటే రాత్రి భోజనం తగ్గించి, తెల్లవారుజామున పరిగెత్తించి ఆ కిలో పైచిలుకు దించేసేవాళ్లం. మస్తాన్ ‘ఇవాళ సాయంత్రమే’ అన్నది అందుకే.

పామర్రు బస్టాండులో మస్తాన్ సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కూతురి మొహం చూసి అంతా గ్రహించాడు. “తప్పు నాదేనండీ మేడంగారూ. ఓనరుగారు పక్కనే ఉన్నారని గట్టిగా చెప్పలేకపోయాను,” అన్నాడు.

“మీరు చెప్పారు, నేనే వినలేదు,” అనాల్సింది నేను. ఎందుకు అనలేకపోయానో ఇప్పటికీ తెలీదు. “పర్లేదులెండి,” అన్నాను. పర్లేదట! నా నోరు పడిపోనూ.

తర్వాతి ఏడు స్కూలుకి బరువు మిషన్ కొన్నాను. తూకం రోజు మానిపించాను. ఓనరుగారికి కోపమొచ్చింది, రానీ అనుకున్నాను. ఇప్పుడు ప్రతి పిల్లనీ వారం వారం చూస్తాను. రజియా మాత్రం పది పాసై కుట్టు మిషన్ దగ్గర కూర్చుంది. వాళ్లమ్మ మాట తప్పే మనిషి కాదు. మా టీము జెర్సీల మీద నంబర్లు కుట్టేది కూడా రజియాయే.

ఏడేళ్లు గడిచాయి. మొన్న జెర్సీలు ఇవ్వడానికొచ్చి నా గదిలో బరువు మిషన్ చూసి, చెప్పులు విడిచి సరదాగా ఎక్కింది. యాభై నాలుగున్నర.

“ఇప్పుడైతే ఆడనిస్తారు కదా మేడం,” అని నవ్వింది.

నాకు ఏడుపు ఆగలేదు. “మీ నాన్న ఆ రోజే చెప్పాడే. నేనే నవ్వి కొట్టిపారేశాను,” అన్నాను.

“తెలుసు మేడం. నేనప్పుడు కాటా మీదే ఉన్నాను కదా.” జెర్సీలు మడత పెడుతూ మళ్లీ అంది: “ఈ మాట నాన్నకి చెప్పండి. ఆయనింకా తనదే తప్పనుకుంటున్నాడు.”

ఆ సాయంత్రమే వెళ్లాను. మస్తాన్ నడుము పట్టేసి మిల్లు పని మానేశాడట, ఇంటి ముందు మంచం మీద కూర్చున్నాడు. చెప్పాల్సింది ఈసారి గట్టిగానే, వాళ్లావిడకీ వినపడేలా చెప్పాను.

“ఇప్పుడెందుకులెండి మేడంగారూ,” అని, లోపలికి తిరిగి, “మేడంగారికి కుర్చీ వెయ్యండమ్మా,” అన్నాడు.

నెమ్మదిగా మాట్లాడే మనిషి దగ్గరికి మనమే ఇంకో అడుగు జరగాలి. ఇన్నేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది అదొక్కటే. ఆ పాఠానికి మూల్యంగా రజియా ఆట పోయింది.