కబాబ్ అంటే కాలుడు

మొన్న హెండర్సన్‌లో సిగ్నల్ దగ్గర కారు ఆపితే, వెనక సీట్లోంచి మా అమ్మాయి కబాబ్ అంటే అసలు అర్థం ఏమిటని అడిగింది. ఎదురుగా అంకుల్ కొట్టు కనిపిస్తోంది. ఇప్పుడు ఎవరో కొనుక్కున్నారు. బోర్డు మీద పాతవి ఏవీ లేవు, ఆ ఒక్క మాట తప్ప. లైటు పచ్చబడింది కదా అని నేను జవాబివ్వకుండా బండి ముందుకు పోనిచ్చాను.

అంకుల్ అంటే చుట్టం కాదు. నేను ఈ దేశానికి చదువుకోడానికి వచ్చిన కొత్తలో సాయంత్రాలు ఉల్లిపాయలు తరిగే పని ఇచ్చిన హైదరాబాదాయన. ఆ వాసనకి ఫ్లాట్‌లో వాళ్ళు నా జాకెట్టుని గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. వ్యాపారం బాగానే నడిచేది గానీ, ఈ దేశంలో కబాబ్ అంటే రొట్టెలో చుట్టి ఇచ్చేది అనుకుంటారని ఆయనకు తీరని దిగులు. మాంసం వద్దు, ఆకులు చాలు అనేవాళ్ళకి కూడా కబాబ్ అనే పేరుతోనే ఇవ్వాల్సి వచ్చేది. అందుకని రొట్టె చుడుతూనే పాఠం మొదలుపెట్టేవారు, వెనక జనం వానలో తడుస్తున్నా సరే. అది అరబ్బీ మాటట. అంతకు ముందే, మట్టి పలకల మీద రాసుకున్న కాలంలో కూడా కాల్చడానికి అలాంటి మాటే ఉండేదట. పారశీకులూ తురుష్కులూ వాడుకున్నాక మన దాకా వచ్చిందట. "రొట్టె కాదు బేటా, కబాబ్ అంటే కాలుడు," అని చివర్లో నాకు తెలుగులో చెప్పేవారు. లోపల్నించి ఆయన భార్య, మా ఆంటీ, "ముందు పొయ్యి మీద కాలేది చూడుండ్రి," అనేవారు. వినీ వినీ మేమిద్దరం ఆ పాఠం చెవిన వేసుకోవడం మానేశాం.

పోయినేడు చలికాలం మొదట్లో అంకుల్‌కి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. అంత మాటకారి మంచం మీద నోరు తెరిచి మూయడం చూడలేకపోయాను. ఇంటికి తెచ్చాక కొన్నాళ్ళకి మొదటి మాట వచ్చింది. కబాబ్. ఆంటీ ఫోన్లో ఏడుస్తూ చెప్తే నేను హాబ్సన్‌విల్‌లోని మా ఇంటి నుంచి ఉన్నపళంగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. ఆమె కైమా మెత్తగా రుబ్బి, దగ్గరుండి వేయించి, చిన్న ముద్దలు చేసి తినిపించారు. అంకుల్ రెండు ముద్దలు మింగి పెదాలు బిగించారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషం అనుకున్నాం. తర్వాత రోజూ అదే మాట అనేవారు, రోజూ ఆమె చేసేవారు. మిరియాలు తక్కువయ్యాయేమోనని ఒకరోజు, ఘాటు చాలలేదేమోనని ఇంకోరోజు. మిగిలినవి నేను తిని మెచ్చుకునేవాణ్ణి.

ఒక ఆదివారం నేనక్కడే ఉన్నాను. ఆంటీ పళ్ళెం తెస్తే అంకుల్ ఎడమచేత్తో దాన్ని పక్కకు నెట్టారు. ఆమె చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకున్నారు. అర్థం కాని కస్టమర్‌కి చెప్పినట్టు, నిదానంగా, "కబాబ్," అన్నారు.

ఆంటీ ఆయన మొహంలోకి చూశారు. "కాలుతున్నదా?" అన్నారు.

అంకుల్ కళ్ళు మూసుకుని తలూపారు.

పక్షవాతానికి వేసే మాత్రల వల్ల కడుపులో పుండు పడిందని, అప్పటికే లోపల రక్తం పోతోందని డాక్టర్లు చెప్పారు. ఆసుపత్రి నుంచి ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. అంత్యక్రియలయ్యాక ఆంటీ నాతో ఒక్కటే అన్నారు. "ఆకలనుకున్న. మంట మీద మంట పెట్టిన."

ఇల్లు చేరాక మా అమ్మాయి మళ్ళీ అడిగింది. కాలడం అని చెప్పాను. అంతేనా అని తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను కారు తాళం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎన్ని రాజ్యాలు దాటినా, ఎన్ని వేల ఏళ్ళు నడిచినా అర్థం పోగొట్టుకోని ఆ మాటకి, ఆయన మంచం మీంచి మా చెవిదాకా రావడానికి ఒక చలికాలమంతా పట్టింది.