వాతానికి వాత

మా నాయన చేతులు వణకడం మొదలైనప్పుడు మా ఇంట్లో ఎవరికీ జబ్బన్న మాటే తోచలేదు. మద్యనిషేధం రోజులవి. దొంగసారా తాగేవాళ్ల చేతులు అలాగే వణికేవి. ఊరివాళ్లను అనడమెందుకు, అమ్మే మజ్జిగ చెంబు అందించే నెపంతో ఆయన నోటి దగ్గరికి ముఖం వంచేది. పక్కన కూర్చుని నేనూ వాసన పట్టేదాన్ని. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు.

కోడుమూరులో వాతలు పెట్టే ముసలాయన ఉన్నాడంటే నాయనకు తోడుగా వెళ్లాను. ముసలాయన ఆ చేతులు పట్టి చూసి, "ఇది వణుకుడు వాతం. వాతానికి వాతే మందు," అన్నాడు. పసుపుకొమ్మును నిప్పుల్లో కాలుస్తూ, "మెడెనక పెడతా, చొక్కా ఇప్పప్పా," అన్నాడు.

నాయన చొక్కా విప్పలేదు. కుడిచెయ్యి చాపాడు.

"ఈడ పెట్టు, మణికట్టు మీద. నలుగురికీ కనపడాల."

"ఈడ పెడితే గుణముండదప్పా, ఒట్టి మంటే."

"లేకుంటే పోనీలే, పెట్టు."

కొమ్ము తగలగానే చర్మం కమురు వాసన వచ్చింది. నాయన పళ్లు బిగించాడు గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వణుకూ తగ్గలేదు.

ఆ మచ్చ ఊరివాళ్ల కోసమే అనుకున్నాను. ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ఆయన నేరుగా వంటింట్లోకి పోయి, ఆ చేతిని అమ్మ ముందు చాపి నిలబడ్డాడు.

ఆ పూట అమ్మ మజ్జిగ చెంబు దూరం నుంచే అందించింది.